మోకాలి ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు

అనంతపురం సాయినగర్‌లోనో కర్నూలు గాయత్రీ ఎస్టేట్‌లోనో ఎముకల డాక్టరు గది బయట కాసేపు కూర్చుంటే ఒకే మాట నలుగురి నోట వినబడుతుంది: "ఫోర్త్ గ్రేడంట. గుజ్జంతా అరిగిపోయిందంట. ఇంక ఆపరేషన్ తప్పదంట." ఇందులో మొదటి ముక్క నిజమే అయ్యుంటుంది. రెండోదీ చాలావరకు నిజమే. మూడోది మాత్రం మొదటి రెండింటి వెంట దానంతటదే రాదు. మోకీలు మార్పిడి గురించి మన జిల్లాల్లో ఉన్న అయోమయంలో సగం ఇక్కడే పుడుతోంది.

ఈ గ్రేడ్ల లెక్క 1957 నాటిది. ఇంగ్లండులో పనిచేసిన కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు ఎక్స్‌రేలు చూసి కీళ్ల అరుగుదలను సున్నా నుంచి నాలుగు దాకా విడగొట్టారు. ఎముకల మధ్య సందు ఎంత తగ్గింది, అంచుల్లో కొత్త ఎముక ఎంత మొలిచింది, కీలు ఆకారం ఎంత చెడింది, వాళ్లు చూసింది ఇంతే. మీకు ఎంత నొప్పి ఉందో, బస్టాండు దాకా నడవగలరో లేదో ఫిల్ములో పడదు. నాలుగో గ్రేడుతో రోజూ పాలకేంద్రానికి నడిచి వెళ్లొచ్చే జేజిలుంటారు. రెండో గ్రేడుకే రాత్రుళ్లు నిద్ర పట్టనివాళ్లూ ఉంటారు. ఎక్స్‌రేతో తెలిసేది అరుగుదల ఉందని. ఆపరేషన్ ఎప్పుడన్నది రోజూ మీరు పడుతున్న ఇబ్బందిని బట్టి తేలాల్సిన సంగతి.

మంచి సర్జన్ అడిగే ప్రశ్నలు కూడా దాని చుట్టూనే ఉంటాయి. నొప్పికి రాత్రి మెలకువ వస్తోందా? పావు కిలోమీటరు నడిచేసరికి ఎక్కడైనా అరుగు కనిపిస్తే కూలబడుతున్నారా? స్నానానికీ మెట్లకీ ఇంకొకరి చెయ్యి కావాలా? కాలు ఏడాదికేడాది దొడ్డికాలుగా వంకర తిరుగుతోందా? మందులు, వ్యాయామం కనీసం మూడు నాలుగు నెలలు నిజంగా చేసి చూశారా? వీటిలో ఎక్కువ వాటికి జవాబు అవును అయి, ఎక్స్‌రేలో ఎముకకు ఎముక తగులుతున్నట్టు కూడా కనిపిస్తే ఆపరేషన్ మంచి ఆలోచనే. చాలామందికి నొప్పి గణనీయంగా తగ్గించే చికిత్స ఇది, అందులో అనుమానం లేదు. కానీ ఇది గుండెపోటు కాదు. ఈ నెలలో చేయకపోతే కాలు పోతుందని ఎవరైనా తొందరపెడితే ఇంకో డాక్టరును కలవండి.

అలాగని ఏళ్ల తరబడి ఈడ్చడమూ తెలివి కాదు. మోకాలు చాపడానికి రాకుండా వంగి బిగుసుకుపోయి, తొడ కండ కరిగిపోయి, మనిషి మంచం పట్టాక చేసే ఆపరేషన్‌కు ఫలితం తక్కువ. ముందు ఎంత కదలిక ఉందో తర్వాత వచ్చే కదలికకు అదే పెద్ద సూచన.

ఎక్స్‌రే గురించి ఇంకొక్క మాట. దాన్ని నిలబెట్టి, కాళ్ల మీద బరువు వేయించి తీయాలి. బల్ల మీద పడుకోబెట్టి తీస్తే సందు ఉన్నదానికంటే ఎక్కువ కనిపించి అరుగుదల దాగిపోతుంది. ముదిరిన అరుగుదలకు ఎంఆర్‌ఐ సాధారణంగా అక్కర్లేదు.

నొప్పి మోకాలిలో, మూలం ఇంకెక్కడో

తుంటి కీలు చెడినా నొప్పి మోకాలిలో తెలియొచ్చు. నడుములో నరం నొక్కుకున్నా అంతే. మోకాలి ఆపరేషన్ చక్కగా జరిగీ నొప్పి పోలేదని బాధపడేవారిలో కొందరి కథ ఇదే. కాబట్టి డాక్టరు మిమ్మల్ని పడుకోబెట్టి తుంటి తిప్పి చూడకపోతే, మీరే "తుంటి, నడుము కూడా చూడండి సార్" అని అడగడంలో తప్పులేదు.

పొద్దున లేచాక గంటకు పైగా చేతివేళ్లు బిగుసుకుపోయి, రెండు చేతుల కణుపులూ వాచి ఉంటే అది కీళ్లవాతం కావచ్చు. దానికి మొదట మందులు. ఆ జబ్బు అదుపులోకి రాకుండా ఒక కీలు మార్చితే మిగతావి దెబ్బతింటూనే ఉంటాయి. 2006లో చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసింది గుర్తుందా? ఆ నొప్పులు కొందరికి నెలలు, ఏళ్లు నిలిచాయి. ఇప్పటికీ అరుగుదలనంతా ఆ జ్వరం లెక్కలో వేసేవారున్నారు, అది సరికాదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఫ్లోరైడు. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. రాయలసీమలో చాలా ఊళ్ల బోరునీళ్లు దాన్ని దాటాయి. అలాంటి నీళ్లు ఏళ్లపాటు తాగితే ఎముక గట్టిపడుతుంది, స్నాయువుల్లో సున్నం చేరుతుంది, నడుము, మెడ, మోకాళ్లు కలిసి బిగుసుకుంటాయి. మోకాలు ఒక్కటే మార్చితే ఈ బిగువు పోదు. మీ ఊరి నీళ్లలో ఫ్లోరైడు ఉందని తెలిస్తే, చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగారో డాక్టరుకు చెప్పండి. బయటి ఊరి సర్జన్‌కు ఆ ప్రశ్న తట్టకపోవచ్చు.

కత్తి కంటే ముందు

చేతికర్ర గురించి చాలామంది తిరగేసి చేస్తారు: నొప్పి ఉన్న కాలి వైపు చేత్తోనే కర్ర పట్టుకుంటారు. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కుడి కాలితో పాటు ముందుకు పడాలి. ఖర్చులేని ఈ ఒక్క మార్పుతో కీలు మీద భారం తగ్గుతుంది. కర్ర పట్టుకుంటే ముసలివాళ్లమైపోయామని లోకం అనుకుంటుందని సిగ్గుపడి, ఆ సిగ్గు కోసం ఆపరేషన్ దాకా పోయేవారుంటారు!

తొడ ముందు కండ మోకాలికి అసలైన కాపు. కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ అయిదు సెకన్లు బిగించి వదలడం, పూటకు పది పదిహేనుసార్లు. వినడానికి ఇది వైద్యమే కాదనిపిస్తుంది. కానీ మూడు నెలలు మానకుండా చేస్తే మాత్రలతో పోటీపడే ఉపశమనం ఇస్తుంది, ఆపరేషన్ తప్పకపోయినా ఆ తర్వాత కోలుకోవడానికి అదే పెట్టుబడి. బరువు సంగతీ అంతే. ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని 2005లో అమెరికాలో కొలిచి చూపారు. సంగటి మానేయమని కాదు. ముద్దల లెక్క తగ్గించి, పప్పూ ఆకుకూరా పెంచమని.

మాత్రలు, సూదుల దగ్గర మాత్రం నేను గట్టిగానే చెబుతాను. షుగరు, బీపీ ఉన్నవారు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకుని నెలల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి, కడుపులో పుండ్లు పడతాయి. ఊళ్లో వేసే నొప్పి సూదిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. అందుకే ఆ మరుసటి రోజు అంత హాయి. అందుకే షుగరు అదుపు తప్పడమూ. కీలులోకి నేరుగా వేసే స్టెరాయిడ్ వేరు. డాక్టరు చేతిలో, అప్పుడప్పుడు వేస్తే కొన్ని వారాలు నెమ్మది ఇస్తుంది. అయితే మార్పిడికి ముందు మూడు నెలల్లో అది వేయించుకుంటే ఆపరేషన్‌లో చీము పట్టే అవకాశం పెరుగుతుంది. సర్జన్‌కు దాచకండి.

మన రక్తమే తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, అందులో వేరుపడిన ఒక భాగాన్ని మళ్లీ మోకాలిలోకి ఎక్కించే పీఆర్‌పీకి ఈమధ్య గిరాకీ బాగా పెరిగింది. 2021లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, ఏడాది తర్వాత చూస్తే, ఉప్పునీళ్ల సూది వేసినవారికీ పీఆర్‌పీ వేసినవారికీ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. చిన్న రంధ్రం పెట్టి కీలు కడిగే ఆపరేషన్ సంగతి 2002లోనే తేలిపోయింది. కొందరికి నిజంగా కడిగి, కొందరికి చర్మం మీద గాటు మాత్రం పెట్టి చూస్తే ఇద్దరి ఫలితమూ ఒకటే. ఇక పుత్తూరు కట్టు. అది ఎముక విరిగినప్పటి మాట. అరిగిన కీలుకు కట్టు కట్టి కదలకుండా ఉంచితే బిగువు ఇంకా పెరుగుతుంది.

యాభై అయిదు దాటనివారికి, కీలు లోపలి పక్క మాత్రమే అరిగినవారికి, మొత్తం మార్పిడి కాక రెండు దారులున్నాయి. కాలి ఎముకను కోసి వంకర సరిచేసి బరువును మంచి పక్కకు మళ్లించడం ఒకటి, అరిగిన పక్క వరకే మార్చే పాక్షిక మార్పిడి ఇంకొకటి. ఇవి మీకు కుదురుతాయా అని అడగండి. "కుదరవు" అంటే ఎందుకు కుదరవో కూడా.

లోపల ఏం మారుస్తారు

చిప్ప తీసేసి కొత్తది పెడతారని ఊళ్లో అనుకుంటారు. చిప్పను చాలాసార్లు అలాగే వదిలేస్తారు, లేదా దాని వెనక పక్క పలచటి ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు. అసలు పని తొడ ఎముక కింది కొనలోనూ కాలి ఎముక పై కొనలోనూ. రెండువైపులా సుమారు సెంటీమీటరు మందం కోసి, పైన లోహపు తొడుగు, కింద లోహపు పళ్లెం బిగిస్తారు. వాటి మధ్య గట్టి పాలిథిలిన్ ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. ఈ భాగాలన్నీ కలిపి ఇంప్లాంటు అంటారు. అరిగిన పన్నును చెక్కి క్యాపు తొడగడం లాంటిదే, ఎముక మొత్తం తీసేయడం కాదు. లోహం ఎముకకు అంటుకోవడానికి ఎక్కువగా ఎముక సిమెంటు వాడతారు. పక్కల స్నాయువులు మీవే ఉంటాయి. వాటి బిగువు రెండువైపులా సమంగా కుదర్చడంలోనే సర్జన్ పనితనమంతా ఉంది.

ఒక మోకాలికి గంట నుంచి రెండు గంటలు. ఎక్కువమందికి నడుము దగ్గర సూది వేసి కింది సగానికే మత్తు ఇస్తారు. ఆ సూది వల్ల జీవితాంతం నడుము నొప్పి వస్తుందనే భయం ఊరూరా ఉంది. దానికి ఆధారం లేదు.

ఎన్నాళ్లు పనిచేస్తుంది? 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష ప్రకారం మొత్తం మార్పిడి చేసిన మోకాళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్ల తర్వాత కూడా నిలిచి ఉన్నాయి. పాక్షిక మార్పిడికి ఆ లెక్క 70 శాతం. కానీ వయసును బట్టి కథ మారుతుంది. బ్రిటన్ లెక్కల్లో, 70 దాటాక చేయించుకున్నవారిలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేది నూటికి సుమారు అయిదుగురికే. యాభై తొలి ఏళ్లలో చేయించుకున్న మగవారిలో అది 35 దాకా పోతుంది. తక్కువ వయసులో తొందరపడొద్దనేది ఇందుకే. రెండోసారి చేసే మార్పిడి మొదటిదానంత సులువూ కాదు, అంత మంచి ఫలితమూ ఇవ్వదు.

ఇంకో లెక్క హోర్డింగుల మీద ఉండదు. అంతా సవ్యంగా జరిగినా నూటికి పది నుంచి ఇరవై మంది తమ కొత్త మోకాలితో తృప్తిగా లేరని చాలా దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఇన్ఫెక్షన్, సడలిపోవడం వంటి కారణాలు కొన్నే. మిగతావారిలో చాలామంది ఆశించిందొకటి, వచ్చిందొకటి. ఇరవై ఏళ్లనాటి కాలు తిరిగొస్తుందని అనుకుంటే నిరాశ తప్పదు. నొప్పి బాగా తగ్గి, తిన్నగా నడవగలగడం దీని అసలు లాభం.

ఇక రోబోతో చేసే ఆపరేషన్. రోబో తనంతట తాను కోయదు. ముందే కంప్యూటరులో వేసుకున్న గీత దాటకుండా సర్జన్ చేతిని ఆపుతుంది. గీత మరింత ఖచ్చితంగా పడుతుందన్నది నిజమే. ఆ ఖచ్చితత్వం పదేళ్ల తర్వాత రోగి నడకలో పెద్ద తేడాగా కనిపిస్తుందని మాత్రం ఇంకా రుజువు కాలేదు. అదనంగా డబ్బు పెట్టే ముందు, ఆ సర్జన్ ఏడాదికి ఎన్ని మోకాళ్లు చేస్తారో అడగడం మేలు. బంగారు రంగు పూత ఇంప్లాంట్లు లోహం పడనివారికి ఆలోచించదగినవే. "30 ఏళ్లు గ్యారంటీ" అన్న మాట మాత్రం సాధారణంగా ప్రయోగశాలలో యంత్రం మీద తిప్పి చూసిన లెక్క.

డబ్బు లెక్క

2017 ఆగస్టులో కేంద్రం తరఫున జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర కట్టింది. ఎక్కువమందికి వాడే కోబాల్ట్ క్రోమియం సెట్టుకు 54,720 రూపాయలు, టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం రకాలకు 76,600, ఎక్కువ వంగుతుందని చెప్పే హై ఫ్లెక్స్ రకానికి 56,490. జీఎస్‌టీ అదనం. అంతకుముందు మొదటి రకమే సగటున లక్షన్నర దాటి అమ్మేవారు. ఆ తర్వాత కూడా ధరల అదుపును పొడిగిస్తూ వచ్చారు. అంటే ఇంప్లాంటు పేరు చెప్పి లక్షలు అడగడానికి వీల్లేదు. బిల్లులో దాని ధర, కంపెనీ పేరు విడిగా చూపించాలి కూడా.

అయితే గది అద్దె, సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, ఐసీయూ, మందులకు ఇలాంటి కట్టడి లేదు. ఇంప్లాంటు దగ్గర తగ్గింది అక్కడ పెరగొచ్చు. కాబట్టి "ప్యాకేజీ ఎంత" అనకుండా "ప్యాకేజీలో ఏమేం లేవు" అని అడగండి. ఫిజియోథెరపీ, వాకరు, రక్తం ఎక్కించాల్సి వస్తే ఆ ఖర్చు, ఒక రోజు ఎక్కువ ఉంటే ఎంత, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి.

రేషన్ కార్డు కుటుంబాలు ముందు ఎన్టీఆర్ వైద్యసేవ, అంటే ఒకప్పటి ఆరోగ్యశ్రీ, హెల్ప్‌డెస్కుకు వెళ్లాలి. మీ కేసు ఆ ఆసుపత్రిలో ఏ ప్యాకేజీ కిందికి వస్తుంది, ముందస్తు అనుమతికి ఏ కాగితాలు కావాలి, రెండో మోకాలికి మళ్లీ విడిగా రావాలా అన్నది అడ్మిట్ అయ్యాక కాదు, అవ్వకముందే తేల్చుకోవాలి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏటా 5 లక్షల దాకా కవరేజీ ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. పెద్దవాళ్లున్న ఇంట్లో అది తీసి పెట్టుకోండి.

ఎక్కడ చేయించుకోవాలన్నది ప్రతి ఇంట్లోనూ పెద్ద చర్చ. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లోనూ కడప రిమ్స్‌లోనూ ఎముకల విభాగాలున్నాయి. టీటీడీ నడిపే తిరుపతి బర్డ్ ఆసుపత్రి సీమ జనానికి పాత ఆసరా. స్తోమత ఉన్నవారు బెంగళూరో హైదరాబాదో పోతారు. పెద్ద ఊరికి పోవడం తప్పని నేననను. కానీ ఆపరేషన్ ఒక్కరోజు పని. కుట్లు విప్పించడం, వంపు చూపించుకోవడం, ఏదైనా తేడా వస్తే పరుగెత్తడం నెలల పని. ఆదోని నుంచి బెంగళూరు ఎన్నిసార్లు పోగలరు? పోలేమనుకుంటే సర్జన్ ఎంపికలో దూరానికీ ఒక ఓటు వేయండి. దూరమే ఎంచుకుంటే, మీ ఊరికి దగ్గర్లో ఫిజియోథెరపిస్టును ఆపరేషన్‌కు ముందే మాట్లాడి పెట్టుకోండి.

రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకుంటే ఖర్చు, మత్తు, మంచాన పడే రోజులు కలిసొస్తాయి. గుండె, ఊపిరితిత్తులు, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు మాత్రం పెరుగుతాయి. గట్టి ఆరోగ్యం ఉన్నవారికి సరే. 75 దాటి, షుగరూ గుండెజబ్బూ ఉన్నవారికి "ఒకే ఖర్చుతో అయిపోతుంది" అనేది సరైన కారణం కాదు. మధ్యలో రెండు మూడు నెలలు ఎడం ఇచ్చి చేయించుకోవచ్చు.

కింద కూర్చోవచ్చా

ఈ ప్రశ్న అడగని సీమవాసి ఉండడు. పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో దీనికి రెండు వాక్యాల జవాబు ఉంటుంది. మనకు అది చాలదు. మన భోజనం, పూజ, పంచాయితీ, పొలం పని అన్నీ నేల మీదే.

నడకకు మోకాలు అరవై డిగ్రీల పైచిలుకు వంగితే చాలు. మెట్లకు, కుర్చీలోంచి లేవడానికి తొంభై నుంచి నూట అయిదు. బాసింపట్టు వేయడానికి, గొంతుకూర్చోవడానికి నూట ముప్పై, ఇంకా పైన. మార్పిడి తర్వాత ఎక్కువమందికి వచ్చేది నూట పది, నూట ఇరవై. అంటే కుర్చీ జీవితం హాయిగా గడుస్తుంది, నేల జీవితానికి కొంత కొరత మిగులుతుంది. ఆపరేషన్‌కు ముందే నూట నలభై వంగే మోకాలైతే తర్వాత కూడా బాసింపట్టు దాకా వచ్చేవారున్నారు. వచ్చినా రోజూ గంటలు అలా కూర్చోవద్దనే డాక్టర్లు చెబుతారు. అంత వంపులో ప్లాస్టిక్ ముక్క అంచు మీద ఒత్తిడి పడుతుంది. హై ఫ్లెక్స్ ఇంప్లాంటు పెడితే తప్పకుండా కింద కూర్చోవచ్చన్న హామీ నమ్మకండి. మామూలువాటితో పోల్చిన అధ్యయనాల్లో వంపులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

శెనక్కాయ చేలో కలుపు తీయడం, పెరికిన చెట్ల నుంచి కాయలు కోయడం గొంతుకూర్చుని చేసే పనులే. కూలికి పోయే మనిషికి "ఇంక గొంతుకూర్చోవద్దు" అంటే ఆ పని పోయినట్టే. ఆపరేషన్‌కు సంతకం పెట్టే ముందే ఇంట్లో ఈ లెక్క మాట్లాడుకోవాలి. మన దేశంలో ఈ ఆపరేషన్ చేయించుకునేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లలో ఎంతోమంది పొలం పని, వంటపని రెండూ చేసినవాళ్లు. కోలుకోకముందే పొయ్యి దగ్గరకు లాగబడేదీ వాళ్లే. నిలబడి చేసే వంటగట్టు లేని ఇంట్లో ముందు అది కట్టించండి.

నమాజులో మోకాళ్ల మీద కూర్చోవడం ఇంప్లాంటును విరగ్గొట్టదు గానీ చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది, కుర్చీ మీద చేసుకోవచ్చు. అలిపిరి మెట్ల గురించి కూడా అడుగుతారు. కాలికి బలం వచ్చాక, డాక్టరు సరేనన్నాక మెట్లు ఎక్కడానికి అడ్డు లేదు. కానీ 3,550 మెట్లు ఆ ప్లాస్టిక్ మీద చిన్న పని కాదు, దిగడం మరీనూ. మొక్కు అంత గట్టిదైతే నెమ్మదిగా ఎక్కి బస్సులో దిగండి, స్వామి ఏమీ అనుకోడు.

ఇంటికొచ్చాక

ముందు సిద్ధం కావాల్సింది రోగి ఒంట్లో షుగరు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ ఏడున్నర, ఎనిమిది దాటి ఉంటే చాలామంది సర్జన్లు వాయిదా వేస్తారు. మంచి పని. పుచ్చిన పన్ను, మూత్రంలో మంట, పగిలిన మడమలు, కాలివేళ్ల సందుల్లో పుండ్లు, వీటిలో ఏది ఉన్నా ముందు మాన్పించుకోవాలి. చెప్పుల్లేకుండా చేలో తిరిగిన పాదాలకు ఈ చివరివి మామూలే, అక్కడి సూక్ష్మక్రిములు రక్తంలో పడి కొత్త కీలుకు చేరగలవు. బీడీ, సిగరెట్టు మానకపోతే గాయం సరిగ్గా మానదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే వాటి పేరు చెప్పండి.

తర్వాత ఇల్లు. నులక మంచం పనికిరాదు, అది కుంగుతుంది, లేవడం కష్టం. మోకాలి ఎత్తుకు తగ్గని గట్టి మంచం, చేతులున్న కుర్చీ కావాలి. నేల దొడ్డే ఉంటే సర్జికల్ షాపులో కమోడ్ కుర్చీ దొరుకుతుంది, దాని మీద పెట్టుకోవచ్చు. కడప బండలు పరిచిన స్నానాల గది తడిస్తే జారుతుంది. రబ్బరు చాప వేసి, గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి.

ఆపరేషన్ అయిన రోజో మరుసటి రోజో వాకరుతో నిలబెట్టి నడిపిస్తారు. అది చూసి "అప్పుడే నడిపిస్తారా" అని బంధువులు గుండెలు బాదుకోనక్కర్లేదు. కదలకుండా పడుకోవడమే ప్రమాదం, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది. నొప్పిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టడం మన ఇళ్లలో ప్రేమతో చేసే తప్పు. మోకాలు వంగినట్టే ఉండిపోయి, పూర్తిగా చాపడానికి రాకుండా బిగుసుకుంటుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి. వంచడం ఎంత ముఖ్యమో పూర్తిగా చాపడం అంతకు తక్కువ కాదు. చాపలేని కాలు కుంటుతుంది.

మొదటి ఆరు వారాలే అసలు పరీక్ష. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు వ్యాయామం, ఆ తర్వాత గుడ్డలో చుట్టిన ఐసు, రోజుకు మూడు పూటలు. నొప్పికి భయపడి ఫిజియో రాగానే ముసుగుతన్నే పెద్దాయనకు ఆరు వారాల తర్వాత కూడా మోకాలు తొంభై వంగకపోతే, మళ్లీ మత్తు ఇచ్చి సర్జన్ వంచాల్సి రావచ్చు. మెట్లకు గుర్తు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. కారులో ఊరికి వస్తుంటే గంటకోసారి ఆపి దిగి నాలుగడుగులు వేయండి.

వాపు, వెచ్చదనం మూడు నాలుగు నెలలు ఉండొచ్చు. కుట్టు పక్కన చర్మం మొద్దుబారి ఉంటుంది, నడిచేటప్పుడు లోపల టక్కుమంటుంది. రెండూ మామూలే. పూర్తిగా కుదుటపడటానికి ఏడాది పడుతుంది. మూడో నెలలో "డబ్బు దండగైంది" అనుకునేవారు ఏడాది తర్వాత ఆ మాట మార్చుకోవడం సాధారణం.

మామూలు కానివి వేరే. కుట్టు నుంచి రసి కారడం, గాయం ఎర్రబడి పెరగడం, చలిజ్వరం, తగ్గిన నొప్పి మళ్లీ తిరగబెట్టడం కనిపిస్తే ఆపరేషన్ చేసిన సర్జన్‌కే ఫోను చేయాలి. ఊళ్లో అడిగి యాంటీబయాటిక్ మింగడం ఇక్కడ చేయకూడని పని. అది చీమును మాన్పదు, పరీక్షకు దొరక్కుండా దాచేస్తుంది. మొదటి కొన్ని వారాల్లో పట్టుకుంటే కడిగి, ప్లాస్టిక్ ముక్క మార్చి ఇంప్లాంటును కాపాడే అవకాశం ఉంది. ఆలస్యమైతే మొత్తం తీసి, నెలల తర్వాత మళ్లీ వేయాలి. ఇది నూటికి ఒకరిద్దరికే వస్తుంది, వస్తే మాత్రం మాటల్లో చెప్పలేని కష్టం. పిక్క వాచి నొప్పెట్టినా ఆగకూడదు. ఉన్నట్టుండి ఆయాసం వస్తే 108కి ఫోను చేయాలి.

ఏళ్లు గడిచాక కూడా కాలికి పుండైనా, పంటికి చీమైనా, మూత్రంలో మంటైనా వెంటనే వైద్యం చేయించుకోండి, లోపల కృత్రిమ కీలు ఉందని ఆ డాక్టరుకు చెప్పండి. నొప్పి లేకపోయినా ఏడాదికోసారి, తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎక్స్‌రే తీయించుకుంటే సడలింపు ముందే బయటపడుతుంది. డిశ్చార్జి కాగితాల్లో ఇంప్లాంటు స్టిక్కర్లు ఉన్నాయో లేదో ఆసుపత్రి గడప దాటకముందే చూసుకోండి. కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు వాటి మీదే ఉంటాయి. వాటిని పాసు పుస్తకంతో పాటు బీరువాలో పెట్టి, ఒక ఫొటో పిల్లల ఫోన్లలో ఉంచండి. ఇరవై ఏళ్ల తర్వాత అరిగిన ప్లాస్టిక్ ఒక్కటే మార్చితే సరిపోయే రోజు వస్తే, అప్పటి సర్జన్ ముందుగా అడిగేది ఆ స్టిక్కరే.